బల్బు డబ్బా మీద ఏం చదవాలె?



బల్బు కొనుడు గురించి కూడా రాస్తరా, దుకాణానికి పోయి "తొమ్మిది వాట్లది ఒకటియ్యి" అంటే అయిపాయె కదా అని మీరు అనుకోవచ్చు. నేను ఒక్క మాట అడుగుత. మీ ఇంట్ల రాత్రి బీడీలు చుట్టే ఆమె చాట మీద పడేది వెలుతురా, ఆమె నీడనా? పిల్లగాడు లెక్కలు చేసే నోటుబుక్కు మీద వెలుగు ఉన్నదా, గోడ మీద ఉన్నదా? మెట్ల దగ్గర బల్బు ఉన్నదా, లేక "ఎందుకు దండుగ" అని తీసేసిన్రా?

మన కష్టజీవుల ఇండ్లల్ల కరెంటు పొదుపు అంటే దీపం ఆర్పుడు, చిన్న బల్బు పెట్టుడు, చీకట్ల తడుముకునుడు. ఈ అలవాటు మన అమ్మలు, అవ్వలు నేర్పింది. వాళ్ల కాలంల అది సరైనదే. ఒక్కో బల్బు అరవై, వంద వాట్లు తినేది. ఇప్పుడు బల్బు మారింది గానీ అలవాటు మారలేదు. కరెంటు తక్కువ తినే బల్బు తెచ్చుకుని కూడా మనం చీకట్ల కూర్చుంటున్నం. దీని గురించే ఈ నెల రాస్తున్న.

నేను గిరణిల, తర్వాత సాంచాల కార్ఖానల కలిపి 38 ఏండ్లు పని చేసిన. చదువు నాలుగో తరగతి వరకే. కరెంటు లెక్కలు మా పెద్దల్లుడు చెప్పిండు, అతను వైర్‌మన్. వెలుతురు విలువ మాత్రం నాకు సాంచా ఖాతాలనే తెలిసింది. పడుగులో ఒక్క పోగు తెగితే వెంటనే కనబడాలె. కనబడకపోతే గుడ్డల గజాల పొడుగు గీత పడతది, ఆ రోజు కూలి కోత పడతది. నల్ల పడుగు మీద నల్ల పోగు తెగితే తెల్ల గుడ్డకంటే రెండు మూడింతల వెలుతురు కావాలె. ఇది ఏ పుస్తకంల చదివింది కాదు, రాత్రి పాళీల కండ్లు నేర్పింది.

వాట్టు వేరు, వెలుగు వేరు

దుకాణంల అందరం వాట్లు అడుగుతం. వాట్టు అంటే బల్బు తినే తిండి. బల్బు ఇచ్చే వెలుగును ల్యూమెన్ల లెక్కన కొలుస్తరు.

మన పనితోటి పోల్చి చెప్త. ఒకడు ఆరు జొన్న రొట్టెలు తిని ఇరవై గజాలు నేస్తడు. ఇంకొకడు ఒక్క రొట్టె తిని అదే ఇరవై గజాలు నేస్తడు. సేఠ్ కూలి ఇచ్చేటప్పుడు గజాలు చూస్తడు గానీ రొట్టెలు లెక్కపెడతడా? బల్బు కాడ మాత్రం మనం రొట్టెలే లెక్కపెడుతున్నం. వాట్లు రొట్టెలు, ల్యూమెన్లు గజాలు.

పాత తీగ బల్బు ఆరు రొట్టెల మనిషి. అది తిన్న కరెంటుల వందకు ఐదు పాళ్లే వెలుగు అయితది, మిగిలిందంత వేడి. వెలుగుతున్న బల్బును ముట్టుకుని చేయి కాలినోళ్లకు ఈ సంగతి తెలుసు. దాని తర్వాత సీఎఫ్‌ఎల్ వచ్చింది, కొంచెం మేలు. ఇప్పుడు ఎల్‌ఈడీ. మంచి ఎల్‌ఈడీ ఒక్కో వాట్టుకు 100 ల్యూమెన్ల దాక ఇస్తది. పాత బల్బు వాట్టుకు 10, 12, 13 ఇచ్చేది, అంతే.

పాత బల్బు వెలుగు మనకు గుర్తున్నది కాబట్టి దాన్ని బట్టి కొత్తది ఎట్ల కొనాలో ఈ లెక్క రాసి పెట్టుకోండి:

- పాత 40 వాట్ల బల్బు – సుమారు 400 ల్యూమెన్లు – ఎల్‌ఈడీల 4 లేదా 5 వాట్లు.
- పాత 60 వాట్ల బల్బు – సుమారు 700 ల్యూమెన్లు – ఎల్‌ఈడీల 7 వాట్లు.
- పాత 100 వాట్ల బల్బు – సుమారు 1300 ల్యూమెన్లు – ఎల్‌ఈడీల 12 నుంచి 14 వాట్లు.
- పాత 40 వాట్ల లావు ట్యూబ్‌లైట్ – ఎల్‌ఈడీల 20 వాట్ల నాలుగడుగుల ట్యూబు, సుమారు 2000 ల్యూమెన్లు. పాత ట్యూబు దీనికంటే కొంచెం ఎక్కువే ఇచ్చేది గానీ సగం వెలుగు పైకప్పుకు పోయేది. కొత్తది ఎక్కువ భాగం కిందికే పంపుతది. ఇంకోటి, పాత ట్యూబుకు చోకు ఉండేది. ఆ చోకు కూడా కరెంటు తినేది. అందుకే 40 అని రాసి ఉన్నా 50 దాటి తినేది.

అందరం కొనే 9 వాట్ల ఎల్‌ఈడీ పాత 60 బల్బు కంటే ఎక్కువ వెలుగు ఇస్తది, 100 బల్బు కంటే తక్కువ ఇస్తది. "100 బల్బు తీసేసి 9 వాట్లది పెడితే ఇల్లు చిన్నబోయింది" అనేటోళ్లు ఉన్నరు. వాళ్లు అనేది నిజమే. అక్కడ 12 వాట్లది పెట్టాలె.

ఇంకో సంగతి. ఒకే 9 వాట్లల్ల కూడా ఒక డబ్బా మీద 800 ల్యూమెన్లు ఉంటది, ఇంకో డబ్బా మీద 900 ఉంటది. రెండూ తినేది ఒక్కటే. ధర అంతే ఉంటే ఏది తీసుకోవాలో నేను చెప్పనక్కర లేదు.

జీరో బల్బు గురించి కూడా చెప్పాలె. "జీరో కదా, మీటర్ తిరగదు" అని రాత్రంతా వేసి పెట్టుకునేది మనోళ్ల అలవాటు. పాత తీగ జీరో బల్బు సున్నా కాదు, 12 నుంచి 15 వాట్లు తింటది. పండుకునేటప్పుడు వేసే ఆ ఎర్ర బల్బు ఎల్‌ఈడీ 9 వాట్ల బల్బు కంటే ఎక్కువ తింటదన్నమాట. దేవుని పటం దగ్గర, పడక గదిల ఉంటే ముందు దాన్ని మార్చండి. అర వాట్టు ఎల్‌ఈడీ చిన్న బల్బులు దొరుకుతయి.

బిల్లు లెక్క

మీటరు యూనిట్ అంటే 1000 వాట్లు ఒక గంట. పాత 60 వాట్ల బల్బు రోజుకు ఆరు గంటలు వేస్తే నెలకు 10.8 యూనిట్లు. 9 వాట్ల ఎల్‌ఈడీ అంతే సేపు వేస్తే నెలకు 1.6 యూనిట్లు. తొమ్మిది యూనిట్లు మిగిలినయి. యూనిట్‌కు ఎనిమిది రూపాయలు అనుకుందాం, మీ బిల్లు మీద మీ రేటు చూసుకోండి. పాత బల్బుకు నెలకు 86 రూపాయలు, కొత్తదానికి 13 రూపాయలు. వంద రూపాయలు పెట్టి బల్బు కొన్నా రెండు నెలల్ల ఆ డబ్బు తిరిగి వచ్చినట్టే.

మా మహారాష్ట్రల నెలకు 100 యూనిట్లు దాటితే దాటిన యూనిట్లకు రేటు ఎక్కువ. అందుకే 105, 110 వచ్చే ఇండ్లల్ల రెండు మూడు పాత బల్బులు మార్చినా బిల్లుల తేడా తెలుస్తది. తమిళనాడుల ఉండే మనోళ్లకు రెండు నెలలకు మొదటి 100 యూనిట్లు ఉచితం. కర్ణాటకల గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడే ఇండ్లకు, వాళ్ల పాత సగటు మీద పది శాతం కలిపి, అంతవరకు ఉచితం. ఉచితం ఉన్నకాడ కూడా హద్దు దాటకుండా ఉండాలంటే ఇదే లెక్క పనికొస్తది.

ఇప్పుడు ఆ 13 రూపాయలను ఇంకోసారి చూడండి. రోజుకు ఆరు గంటలు, నెలంతా, మంచి వెలుగు ఇచ్చే బల్బు ఖర్చు చౌరస్తా కాడ ఒక చాయ్ తాగినంత. ఆ చాయ్ మిగిలియ్యాలని మన ఆడోళ్లు రాత్రి మసక వెలుతురుల కూర్చుని బీడీ ఆకు కత్తిరిస్తున్నరు, చీరకు ఫాల్ కుడుతున్నరు. నిజంగా బిల్లు తగ్గాలంటే పాత పంకా వైపు చూడండి. అది 75 వాట్లు తింటది, రోజంతా తిరుగుతది. ఒక్క పంకా తినేది ఎనిమిది ఎల్‌ఈడీ బల్బులు తినేదానితోటి సమానం. కొత్తగా వచ్చిన బీఎల్‌డీసీ పంకాలు 30 వాట్ల అటు ఇటు తింటయి. ధర ఎక్కువే గానీ పాతది కాలిపోయి కొత్తది కొనే రోజు వచ్చినప్పుడు అది అడగండి. పొదుపు అక్కడ చేయండి. కండ్ల కాడ చేయకండి.

ఎల్‌ఈడీ ఇంత అగ్గువ ఎట్ల అయింది

మొదట్ల ఎల్‌ఈడీ బల్బు అంటే మూడు నాలుగు వందలు ఉండె, మనలాంటోళ్లు చేయి పెట్టకపోయేది. 2014 మొదట్ల సర్కారు సంస్థ కొన్నప్పుడు కూడా ఒక్కో బల్బు 310 రూపాయలు పడ్డది. 2015 జనవరి 5న ఉజాలా పథకం మొదలైంది. దేశమంత కోట్ల బల్బులు ఒకేసారి టెండరు పెట్టి కొనేసరికి ధర పడిపోయింది. 2016 వచ్చేసరికి సర్కారు కొనే ధర 40 రూపాయల లోపుకు దిగింది. కరెంటు ఆఫీసు కాడ లైన్ల నిలబడి బిల్లు చూపించి ఆ బల్బులు తెచ్చుకున్నది మీలో చాలామందికి గుర్తుంటది. ఆ పథకం కింద 36 కోట్లకు పైగా బల్బులు పంచిన్రు.

మా మనవడు చెప్పిన ముచ్చట ఒకటి. ఎర్ర ఎల్‌ఈడీ 1962లనే వచ్చిందట. రేడియోల మీద, స్విచ్చు బోర్డుల మీద ఎర్ర చుక్క లెక్క వెలిగేది అదే. కానీ ఇంటికి పనికొచ్చే తెల్ల వెలుగు రావాలంటే నీలి ఎల్‌ఈడీ కావాలె. అది చేయడానికి ఇంకో ముప్పై ఏండ్లు పట్టింది. అది చేసిన ముగ్గురు, అకాసాకి, అమానో, నకమురా, వాళ్లకు 2014ల భౌతికశాస్త్రం నోబెల్ బహుమతి ఇచ్చిన్రు. మన ఇంటి హోల్డర్ల వేలాడేది అంత కష్టం మీద వచ్చిన వస్తువు.

ఏ గదికి ఎంత వెలుగు

గది పొడుగు, వెడల్పు అడుగులల్ల కొలిచి గుణించండి. పదడుగుల పొడుగు, పదడుగుల వెడల్పు అంటే వంద చదరపు అడుగులు. కూర్చుని మాట్లాడుకునే, అన్నం తినే గదికి చదరపు అడుగుకు 20 ల్యూమెన్లు పట్టుకోండి. వంద అడుగుల గదికి 2000 ల్యూమెన్లు, అంటే ఒక 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబు, లేదా రెండు మూలలకు రెండు 9 వాట్ల బల్బులు. ఒకే పెద్ద బల్బు కంటే రెండు చోట్ల రెండు మేలు, నీడలు తక్కువ పడతయి.

వంటింట్ల చదరపు అడుగుకు 30, 40 కావాలె. కత్తి, నూనె, మంట ఉండే చోటు అది. బియ్యంల రాయి, పప్పుల పురుగు కనబడాలె. పడుకునే గదికి 10 చాలు. మొరి కాడ, మరుగుదొడ్డిల 5 వాట్లది సరిపోతది. కానీ అక్కడ తడి ఉంటది కాబట్టి హోల్డర్ మంచిది ఉండాలె, స్విచ్చు బయట ఉండాలె.

గోడ రంగు కూడా చూడాలె. తెల్ల సున్నం వేసిన గోడ మీద పడ్డ వెలుగుల ఎక్కువ భాగం తిరిగి గదిలకే వస్తది. ముదురు నీలం, ముదురు ఆకుపచ్చ గోడ దాన్ని మింగేస్తది. మా కుంభారి ఘర్‌కుల్‌ల అన్ని ఇండ్లు ఒక్క తీరే కట్టినయి. ఒక ఇంట్ల తెల్ల గోడలు, పక్క ఇంట్ల ముదురు గులాబీ గోడలు. ఒకే కంపెనీ బల్బు రెండిండ్లల్ల ఉన్నా, రెండో ఇంటికి పోతే కరెంటు తగ్గినట్టు కనబడతది. గోడ కాకున్నా కప్పు మాత్రమన్నా తెల్లగ ఉంచండి.

పని చేసే చోటికి బల్బు రావాలె

ఇది అన్నిటికన్నా ముఖ్యం. గదంతా వెలుగు నింపాలంటే చాలా బల్బులు కావాలె. పని చేసే చోటుకు వెలుగు దగ్గరగా తెస్తే ఒక్క బల్బు చాలు.

దూరం సగం చేస్తే వెలుగు రెండింతలు కాదు, నాలుగింతలు అయితది. దూరం మూడో వంతు చేస్తే తొమ్మిదింతలు. సాంచా ఖాతాల ట్యూబులు కప్పుకు కాకుండ సాంచాల మీద తలకు తగలనంత ఎత్తుల గొలుసులతోటి వేలాడదీసేది అందుకే.

మా ఇంటామె ముప్పై ఏండ్ల నుంచి బీడీలు చుడుతది. కింద పీట మీద కూర్చుంటది, ఒడిల చాట. బల్బు మాత్రం ఆమె వెనుక గోడకు తొమ్మిదడుగుల ఎత్తుల ఉండె. అంటే చాట మీద పడేది ఆమె తల నీడ. ఆకు ఈనె ఎటున్నదో చూడాలంటే చాట ఎత్తి ముఖం కాడికి తెచ్చుకునేది. మెడ నొప్పి, సాయంత్రం కాంగనే తలనొప్పి, కండ్లల్ల నీళ్లు. అల్లుడు వచ్చి కప్పుకు కొక్కెం వేసి, వైరు జారవిడిచి, రేకు గొడుగు ఉన్న హోల్డర్ పెట్టి 9 వాట్ల బల్బును ఆమెకు ముందు పక్కన, ఎడమ దిక్కు, చాటకు నాలుగడుగుల ఎత్తుల వేలాడదీసిండు. వైరు, హోల్డర్, కొక్కెం అంతా కలిపి రెండు వందల లోపే. ఇప్పుడు చాట ఎత్తేది లేదు. "పూటకు వంద బీడీలు ఎక్కువైతున్నయి" అని నేను చెప్పను, చేతులకు కూడా వయసు వచ్చింది. కానీ కార్ఖానల ఛాట్ అని పక్కకు తీసేసే బీడీలు తగ్గినయి, తలనొప్పి గోలీ డబ్బా అట్లనే ఉన్నది.

ఎడమ దిక్కు ఎందుకంటే కుడి చేతితోటి పని చేసేటోళ్లకు చేయి నీడ పని మీద పడొద్దు. ఎడమ చేతి వాటం ఉన్నోళ్లకు కుడి దిక్కు పెట్టాలె. పిల్లలు చదివే చోటుకు, కుట్టు మిషనుకు ఇదే లెక్క. బల్బు కండ్లల్ల కొట్టొద్దు, అందుకే గొడుగు. ఒక్క పని దీపం వేసి మిగతా గది చిమ్మచీకటి చేయకండి. కన్ను వెలుగు నుంచి చీకటికి, చీకటి నుంచి వెలుగుకు మారి మారి అలిసిపోతది. గదిల ఒక చిన్న బల్బు కూడా వెలుగుతుండాలె.

మసక వెలుతురుల పని చేస్తే చూపు పోదని కండ్ల డాక్టర్లు అంటరు. కానీ కండ్లు అలిసిపోతయి, తల నొస్తది, పనిల తప్పులు పోతయి. దినమంతా సాంచాల చప్పుడుల నిలబడి వచ్చి, ఇంట్ల కూడా ఈ బాధ ఎందుకు?

పెద్దోళ్ల కండ్లకు ఎక్కువ వెలుగు

అరవై ఏండ్ల మనిషి కంటి లోపలికి చేరే వెలుగు ఇరవై ఏండ్ల పిల్లగాని కంటికి చేరేదాంట్ల మూడో వంతే ఉంటదట. కంటి పాప చిన్నగైతది, లోపలి అద్దం పసుపుబారుతది. మనవడికి సరిపోయిన బల్బు అవ్వకు సరిపోదు. "గింత వెలుగు ఉన్నది కదా, కనబడతలేదా" అని పెద్దోళ్లను కసురుకునే కోడండ్లు, కొడుకులు ఇది గుర్తు పెట్టుకోవాలె. వాళ్లు కూర్చునే కాడ 12 వాట్లది పెట్టండి, కండ్లల్ల కొట్టకుండ పెట్టండి.

మా గల్లీల ఒక పెద్దమ్మ మెట్ల మీది బల్బు పోతే "పగటి పూట ఎట్లనో ఎక్కుతం, రాత్రి ఎవరెక్కుతరు" అని ఆరు నెలలు పెట్టించుకోలేదు. రాత్రి మేడ మీద ఆరేసిన బట్టలకు పోయి రెండో మెట్టు తప్పింది. తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ అయింది. ఇప్పుడు కట్టె పట్టుకుని నడుస్తది. 5 వాట్ల బల్బు రాత్రంతా వెలిగినా నెలకు రెండు యూనిట్లు కాదు. మెట్లకు, మరుగుదొడ్డికి పోయే తొవ్వకు బల్బు దండుగ కాదు.

వెలుగు పెంచినా మసకనే ఉంటే, దీపం చుట్టూ వలయాలు కనబడుతుంటే అది బల్బు తప్పు కాదు. మోతిబిందు కావచ్చు. కండ్ల దవాఖానకు తీసుకపోండి.

పసుపా, తెలుపా

డబ్బా మీద 2700, 3000, 4000, 6500 అని అంకె, పక్కన కె అనే ఇంగ్లీషు అక్షరం ఉంటది. అది వెలుగు రంగు. 2700, 3000 అంటే పాత బల్బు లెక్క పసుపు. 6500 అంటే ట్యూబ్‌లైట్ లెక్క తెలుపు. 4000 నడిమిది. మనోళ్లు "తెల్లది ఎక్కువ వెలుగు" అని 6500 మాత్రమే కొంటరు. అంకె పెద్దది అయితే వెలుగు ఎక్కువ అని కాదు. వెలుగుకు ల్యూమెన్లే చూడాలె. పని చేసే చోటుకు, వంటింటికి తెల్లది సరే. పడుకునే గదిల పసుపు మంచిది, పడుకునే ముందు ఘాటు తెల్ల వెలుగు నిద్రను దూరం చేస్తది.

రంగులు చూసే పని ఉన్నోళ్లకు ఇంకో అంకె ఉన్నది, సీఆర్‌ఐ అంటరు. సూర్యుని వెలుగుకు వంద. బల్బుకు 80 పైన ఉండాలె. చీర కుట్టేటోళ్లు, రంగు దారం జోడు కలిపేటోళ్లు 90 ఉన్నది దొరికితే తీసుకోండి. నాసిరకం బల్బు కింద నీలం, నలుపు ఒక్క తీరే కనబడతయి. గిరణిల షేడు కలిపేటప్పుడు పాత మాస్టర్లు నూలు కండెను కిటికీ కాడికి తీసుకపోయి చూసేది దీనికే.

డబ్బా మీద చూడాల్సినవి

చీకటి పడ్డంక తోపుడుబండి మీద "ముప్పైకి ఒకటి, యాభైకి రెండు" అని అమ్మే బల్బులు ఉంటయి. వాటి డబ్బా మీద కంపెనీ అడ్రసు ఉండదు, ల్యూమెన్లు ఉండవు. 9 వాట్లు అని రాసి లోపల సగం కూడా ఉండదు. నెలకొకటి పోతే ముప్పై ముప్పైలు కలిపి ఎంతైతదో చూసుకోండి. దుకాణంల ఇవి చూడండి:

- ల్యూమెన్లు, వాట్లు రెండూ రాసి ఉండాలె. ల్యూమెన్లను వాట్లతోటి భాగించండి. 100 దగ్గర వస్తే మంచిది.
- ఐఎస్ 16102 అనే నంబరు, ఆర్ అక్షరంతోటి మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలె. ఎల్‌ఈడీ బల్బుకు ఇది తప్పనిసరి.
- బీఈఈ నక్షత్రాల గుర్తు. నక్షత్రాలు ఎక్కువ ఉంటే అదే కరెంటుకు ఎక్కువ వెలుగు.
- ఎన్ని నెలల వారంటీ. బిల్లు తీసుకోండి. బల్బు తెల్ల భాగం మీద కొన్న తారీఖు పెన్నుతోటి రాయండి. వారంటీల పోతే దుకాణదారుతోటి వాదన ఉండదు.
- హోల్డర్ పిన్నుదా, మరదా చూసుకుని కొనండి. రెండూ దొరుకుతయి.
- దుకాణంలనే వెలిగించి మొబైల్ కెమెరాల చూడండి. తెర మీద నల్ల పట్టీలు బాగా కదిలితే ఆ బల్బు కంటికి తెలియకుండ మిణుకుతుందన్నట్టు. తలనొప్పి ఉన్నోళ్లు అది వద్దు అనండి.

ఈ మిణుకుడు సంగతి సాంచాల కార్ఖానోళ్లకు ఇంకా ముఖ్యం. పాత చోకు ట్యూబులు సెకనుకు వందసార్లు మిణికేవి. ఆ వెలుగుల తిరిగే చక్రం ఒక్కోసారి ఆగినట్టు కనబడతది, చేయి పెడితే అంతే. పెద్ద గిరణీలల్ల పక్కపక్క ట్యూబులను వేరే వేరే ఫేజులకు కలిపేది ఈ భయంతోటే. ఇంట్లనే సాంచా పెట్టుకున్నోళ్లు అగ్గువ బల్బు వేసేటప్పుడు ఇది మరవద్దు.

ఎక్కువ రోజులు ఉండాలంటే

ఎల్‌ఈడీ పోయేది ఎక్కువగా వేడి వల్ల. దాని మెడ కాడ ఉండే కరెంటు భాగానికి గాలి తగలాలె. నలుదిక్కుల మూసిన గాజు గోళంల పెడితే తొందరగ పోతది. కరెంటు ఎక్కువ తక్కువ వచ్చే గల్లీలల్ల కూడా తొందరగ పోతయి. ఒకే హోల్డర్ల మాటిమాటికి పోతే బల్బును తిట్టకుండ హోల్డర్, వైరు చూపించండి.

మన ఇండ్లల్ల దూది నుసి, తంబాకు దుమ్ము బల్బు మీద పొరలాగ పేరుకుంటది. ఆ పొర వెలుగును తింటది, వేడిని ఆపుతది. నెలకోసారి స్విచ్చు బంద్ చేసి, చల్లారినంక పొడి గుడ్డతోటి తుడవండి. నారళి పౌర్ణమికి మార్కండేయ రథం ముందర ఇల్లంత కడుగుతం కదా, కనీసం ఆ రోజన్నా బల్బులను మరవకండి.

ఇంట్ల పాత సీఎఫ్‌ఎల్ ఉంటే దాంట్ల కొంచెం పాదరసం ఉంటది. పగిలితే కిటికీలు తెరిచి, పిల్లలను బయటకు పంపి, పావుగంట ఆగి, అట్ట ముక్కతోటి ఎత్తి డబ్బాల మూయండి. చేతితోటి ముట్టొద్దు, చీపురుతోటి ఊడ్వద్దు. పోయిన సీఎఫ్‌ఎల్‌ను చెత్తకుండిల పారేయకుండ కరెంటు చెత్త తీసుకునేటోళ్లకు ఇయ్యండి.

చివరికి ఒక్క పని చేయమని అడుగుత. ఈ రాత్రి దీపాలు వేసినంక ఇంట్ల ఒక చుట్టు తిరగండి. ఎవరు ఎక్కడ కూర్చుని ఏ పని చేస్తున్నరో, వాళ్ల చేతుల మీద వెలుగు పడుతుందో నీడ పడుతుందో చూడండి. నీడ పడ్డకాడ రేపు ఒక బల్బు వేయండి. ఎవరూ లేని గదిల దీపం బంద్ చేయండి, మనిషి పని చేసే కాడ మాత్రం బంద్ చేయకండి.